పొయ్యి దగ్గరి నిజాంపట్నం మనిషి

"అంచులు వదిలేస్తావేంటే? తిండి విలువ తెలిసినవాళ్ళు చేసే పనేనా?"

"నాయనమ్మా, అది మాడింది కదా! పరువు తీయకు, అందరూ చూస్తున్నారు."

హైదరాబాదులో, కట్టెల పొయ్యిలో ఇటలీ పిజ్జా కాల్చే హోటలది. మనవరాలు బలవంతాన తీసుకెళ్ళింది. మా గొడవ విని పొయ్యి దగ్గరి మనిషి చేతుల పిండి దులుపుకుంటూ వచ్చాడు.

"మాట మనవైపుదిలా ఉందండి. ఏ ఊరు మామ్మగారూ?"

"బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెం."

"మాది నిజాంపట్నమండి. మా అమ్మ మీ ఊళ్ళో ఎండుచేపలు అమ్మేది. ఎర్ర గేటు ఇంటావిడ పెరట్లో నిలబెట్టి చద్దన్నం పెట్టేదంట. గిన్నె మైలపడుద్దని కొబ్బరిచిప్పలో."

ఆ ఎర్ర గేటు మాదే. పారేయకుండా ఒకరి కడుపు నింపానని ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను.

"తినేదా మీ అమ్మ?"

"ఎక్కడండీ! వద్దంటే ఆవిడ చేపలు కొనదని పుచ్చుకునేది. ఊరు దాటగానే కాలవలో పారబోసేది" అని నవ్వాడు. "ఆ ఎర్ర గేటావిడ మీకు తెలుసాండి?"

"తెలీదయ్యా" అన్నాను.

మనవైపు వాళ్ళు కదా అంటూ అతను ఇంకో పిజ్జా కాల్చి, తెల్లటి పింగాణీ పళ్ళెంలో నా ముందు పెట్టి వెళ్ళాడు. సగం తిన్నాను, సగం వదిలేశాను.

మర్నాడు పొద్దున కోడలు రాత్రి మిగిలిన అన్నం డబ్బాలో పెట్టి పనిమనిషికిచ్చింది. ఆవిడ నవ్వుతూ పుచ్చుకుంది. కిందకెళ్ళి దాన్ని ఏం చేస్తుందో చూద్దామని బాల్కనీ దాకా వెళ్ళి, చూడకుండానే తిరిగొచ్చాను.