ఆయమ్మ వేసిన ముడులు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న మా కింది గది ఆయమ్మ పోయింది. ఆమె చెల్లెలి కూతురు మెట్లెక్కి వచ్చి ఆ మాట చెప్పేటప్పటికి నా కుడిచేతిలో టీ గ్లాసుంది. ఎడమచేత్తో నా కుర్తా మెడలోకి దూరుతున్న మా రెండేళ్ల పిల్లవాడి చెయ్యి పట్టుకుని లాగుతున్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది.

"నిన్న పొద్దూకంగ మావాన్ని ఎత్తుకొని రైళ్లు చూపించింది గదా. సరిగ్గ చూసిన్రా?"

"చూసినమక్కా. డాక్టర్ గూడ వచ్చి చూసిండు. నిద్రల్నే పోయింది."

అయినా కిందికి దిగాను. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాకా నమ్మలేదు. వేలు వెనక్కి తీసుకున్నాక గుర్తొచ్చింది, చేత్తో చూసుకోనిదే దేన్నీ నమ్మొద్దని నాకు చెప్పింది ఈమేనని.

ఆయమ్మ మాకు చుట్టం కాదు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మేం పైన కిరాయికి ఉంటే ఆమె కింద ఒంటిగదిలో ఉండేది. ఒక ప్రసూతి దవాఖానలో ముప్ఫై ఏళ్లకు పైగా ఆయాగా చేసి రిటైరైంది. చదువు రాదు. దవడలో ఎప్పుడూ కాసింత సోంపు ఉండేది. చేతికొచ్చిన ప్రతిదాన్నీ ముందు ముక్కు దగ్గర పెట్టుకునేది. పాల ప్యాకెట్టు, కొత్తిమీర కట్ట, ఆఖరికి నాకు కొరియర్‌లో వచ్చిన అట్టపెట్టె కూడా. మొజంజాహీ మార్కెట్లో సీతాఫలాలు ఒక్కొక్కటే వాసన చూసి బుట్టలో తిరిగి పెడుతుంటే పండ్లాయన విసుక్కున్నాడు. "ఏందమ్మా, పెండ్లి సంబంధం చూస్తున్నవా?" ఈమె తలెత్తకుండానే అంది: "సంబంధాలు గింత చూస్తే సగం పెండ్లిళ్లు కానే కావు."

ఇలాంటి మనిషిని నేను మొదట్లో ఎంతగా అనుమానించానో చెప్పకుండా ఆమె గురించి రాయడం నిజాయితీ కాదు.

నేను అబిడ్స్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతాను. ఒకచోట అరగంట కూర్చోవడం నా ఒంటికి పడదు. అలాంటిది కాన్పయ్యాక గంటకోసారి పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుని గోడకి చేరగిలబడాల్సి వచ్చింది. చనుమొనలు పగిలి, వాడు నోరు పెట్టినప్పుడల్లా కాలివేళ్లు కొంకర్లు పోయేవి. రెండో నెల వచ్చేసరికి ఆ నొప్పి తగ్గింది. వాడు తాగుతూ తాగుతూ ఆగి, మూతి పక్కనుంచి పాలు కారుతుండగా నా మొహంలోకి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు చూశాక ఇంకో గంటైనా కూర్చోవచ్చుననిపించేది.

కానీ సాయంత్రమయ్యేసరికి వాడు గుక్కపట్టేవాడు. రోజూ అదే వేళకు. మా అత్తమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పేది: "పాలు సాల్తలేవు. రేపు డబ్బా తెప్పిస్త." ఆమె చెడ్డది కాదు. మనవడి ఏడుపు ఆమెకు ఆగేది కాదు. ల్యాబ్‌లో బ్యూరెట్ గాజుగొట్టం మీద గీతలుంటాయి, ఎంత దిగిందో చదువుకోవచ్చు. నా ఒంటిమీద ఆ గీతలెక్కడున్నాయి? నన్ను నేనే అనుమానించుకుంటూ వాడి పక్కటెముకలు తడిమి చూసుకునేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయమ్మ పైకి రావడం మొదలుపెట్టింది. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, పొద్దూకాక ఒకసారి. "బాలింతవు, చల్లనీళ్లల్ల చేతులు పెట్టకు. పిలగాని గుడ్డలు నేను పిండుతా తియ్యి." ఈ పట్నంలో ఎవరైనా ఊరికే పక్కింటి పిల్లల ఉచ్చగుడ్డలు పిండుతారా? నేను తలుపు సందులోంచి చూసేదాన్ని. ఆమె ఒక్కో గుడ్డనీ వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, నడుము దగ్గర చెయ్యి పెట్టి ఏదో గొణిగేది. ఆ తర్వాతే పిండేది.

ఒకరోజు ఉయ్యాల కింద తెల్లదారం దొరికింది. మూరెడుంటుంది. దానికి ఏడు ముడులు.

మీరు నవ్వుకోవచ్చు. ఎమ్మెస్సీ చదివినదాన్ని, మూఢనమ్మకాల మీద కాలేజీలో ఉపన్యాసం ఇచ్చి కప్పు తెచ్చుకున్నదాన్ని, ఆ దారాన్ని పట్టకారుతో ఎత్తాను. అత్తమ్మ చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఇంక అమాస గూడ రాలే! గందుకేనా పోరడు గట్ల ఏడ్చుడు?" మా అమ్మకు ఫోన్ చేస్తే, "కాల్చకు బిడ్డా, ముట్టకు, మోరీల పడెయ్యి" అంది. ముగ్గురం కలిసి ఐదు నిమిషాల్లో ఒక మంత్రగత్తెను తయారుచేశాం.

మధ్యాహ్నం ఆమె మెట్లెక్కుతుంటే ఎదురెళ్లాను. పట్టకారు చేతిలోనే ఉంది.

"ఏందిది ఆయమ్మా? మా పిలగానికి ఏం చేస్తున్నవ్?"

ఆమె దారాన్ని చూసింది. నన్ను చూసింది. పెదవులు కదిపి ముడులు లెక్కపెట్టుకుంది. "ఏడు. మంచిగనే ఉంది," అని వెనక్కి తిరిగి దిగిపోయింది.

తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఇంక పైకి రావద్దని కబురు చెప్పించాను.

తర్వాత తొమ్మిది రోజులు మా ఇంట్లో ఏడుపే. వాడిదీ, నాదీ. అత్తమ్మ గుడ్డలు ఉతికి, వరండాలో వీధివైపున్న దండెం మీద ఆరేసేది. పదోరోజు పాలపొడి డబ్బా వచ్చింది. ఆమె నీళ్లు కాచింది. నేను డబ్బా మూత సందులో చెంచా కాడ పెట్టాను. నా పాల మీద ఆశ వదులుకోవడమంటే ఇంత సులువా అనిపించింది. మూత టప్పుమంటూ సగం లేచింది.

అప్పుడే గుమ్మంలో ఆయమ్మ. పిలవకుండానే వచ్చి, నన్ను దాటుకుని అత్తమ్మ ముందు కూర్చుంది. నడుముకు దోపుకున్న బొడ్డుసంచి విప్పి నేలమీద దారాలు పరిచింది. తొమ్మిది దారాలు.

"చూడక్కా. ఇది ఏడు. ఇది ఎనిమిది. ఇది ఆరు. మల్ల ఏడు. కింద నిలబడి మీ దండెం చూసుకుంట ముడేసిన. దినానికి ఆరు గుడ్డలు నిండుగ తడిస్తే కడుపు నిండినట్టే. మా వార్డుల నాకు సదువు రాకపాయె, ఒక్కొక్క పిలగానికి ఒక్కొక్క దారం పెట్టుకుంటుంటి. డాక్టరమ్మలు గూడ నా దారమే అడుగుతుండిరి."

"మరి గా ఏడ్చుడేంది?" అంది అత్తమ్మ.

"పొద్దూకంగ పసిపిల్లలు ఏడుస్తరు. నువ్వు ఏడుపు ఇంటున్నవ్, నేను గుడ్డ చూస్తున్న. ఏడుపును నమ్మకక్కా, తడిసిన గుడ్డను నమ్ము. ఫికరుంటే రేపు బరువు తూపిచ్చుకరా."

మర్నాడు తూయించాం. వాడు పెరగాల్సినంత పెరిగాడు. ఆయమ్మ డబ్బా మూత తనే గట్టిగా నొక్కిపెట్టింది. "ఇది విషమేం గాదు. తల్లి లేనోళ్లకు, పాలు దిగనోళ్లకు ఇదే అమ్మ. నీకు అక్కర లేదు, గంతే."

"ముందే చెప్పొచ్చు గదా ఆయమ్మా!" అన్నాను. ఏడుస్తున్నానో కోప్పడుతున్నానో నాకే తెలియలేదు.

"చెప్తే నువ్వు లెక్కపెడతవ్. లెక్కపెడితే బెంగ. బెంగ పడితే పాలు దిగయి. గందుకే తల్లులకు చెప్పం." దారాలు ఏరి బొడ్డుసంచిలో వేసుకుంటూ అంది: "నన్ను అనుమానించినవ్, మంచిగనే చేసినవ్. బిడ్డ దగ్గరికి ఎవ్వరొచ్చినా గట్లనే చూడు. నిన్ను నువ్వు మాత్రం అనుమానించకు."

పట్టకారు గురించి క్షమించమని నేను అడగలేదు. ఆమె అడగనివ్వలేదనుకుంటూ వచ్చాను. అడగలేదన్నదే నిజం.

ఏడాది నిండాక నేను మళ్లీ పనిలో చేరాను. పగలు వాణ్ని అత్తమ్మా ఆయమ్మా కలిసి చూసేవాళ్లు. మధ్యాహ్నం అబిడ్స్ నుంచి పరుగున వచ్చి పాలిచ్చి వెళ్లేదాన్ని. వాడు నడకొచ్చి, మాటలొచ్చి, పళ్లొచ్చి కొరకడం నేర్చాడు. సుల్తాన్ బజార్లో నలుగురి మధ్య నా చున్నీ ఎత్తి "పాలు!" అని కేకేసేవాడు. మాన్పించడానికి అత్తమ్మ వేపాకు నూరి రాయించింది. వాడొకసారి నాకి, మొహం చిట్లించి, చున్నీ కొసతో శుభ్రంగా తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "వీడు డాక్టరైతడు! చేదు పెట్టుడు గాదు బిడ్డా, తొవ్వ మళ్లియ్యాలె." అప్పట్నుంచి వాడు పాలడిగే వేళకు ఎత్తుకెళ్లి స్టేషన్లో రైళ్లు చూపించేది.

నేను మళ్లీ అనుమానించానని మీకు చెప్పనక్కర్లేదు. పని నుంచి వచ్చాక వాడి మూతి వాసన చూస్తే సోంపు వాసన వచ్చేది. ఏం పెడుతున్నావని ఒకరోజు నిలదీశాను. "ముద్దు పెడ్తున్న," అంది. ఆ జవాబును కూడా రెండు రోజులు పరీక్షించాకే నమ్మాను.

దినాలయ్యాక ఆమె చెల్లెలి కూతురు బొడ్డుసంచి తెచ్చిచ్చింది. అందులో సోంపు, ఒక దారం. దానికి రెండే ముడులు. ఆమె పోయే ముందురోజు, సోమవారం, వాడు పగలు పాలడిగింది రెండుసార్లేనని అత్తమ్మ చెప్పింది. లెక్క నాకు చెప్పకుండానే ఆయమ్మ సగం మాన్పించేసింది.

పిల్లవాడికి మేం చెప్పిన మాట, ఆయమ్మ ఊరికి పోయిందని. వాడు నన్నూ, వాళ్ల నాయనమ్మనూ మార్చి మార్చి చూశాడు. నమ్మలేదు. మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ కిందికి దిగాడు. ఆమె సోమవారం ఆరేసిన చీర ఇంకా కింది దండెం మీదే ఉంది, ఎవరికీ తియ్యబుద్ధి కాలేదు. వాడు దాని అంచు పట్టుకుని వేళ్లతో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండో చెయ్యి నడుము దగ్గరికి పోయి మొలతాడు పట్టుకుంది. పెదవులు కదిలాయి. పైనుంచి చూస్తున్న నాకు ఏమంటున్నాడో వినపడలేదు.