మా ఇంటి రేకులు ఎవరికీ ఇవ్వలేదు

మా జనగామలో పాత సిమెంటు రేకులు దించడమంటే ఖర్చు కాదు, రాబడి. దించకముందే అడిగేవాళ్లు గుమ్మంలో నిలబడతారు. ఒకరికి మేకల కొట్టం మీదికి కావాలి, ఒకరికి స్నానాల గదికి చాటు కావాలి. విరిగిన ముక్కలను కూడా వదలరు, గచ్చు కింద నింపుకుంటారు. అలాంటి ఊళ్లో రేకులు దించి, ఒక్క ముక్క ఎవరికీ ఇవ్వకుండా, పైగా ఎదురు డబ్బులు పెట్టుకున్న ఇల్లు మాదే. డబ్బు పోతే పోయింది కానీ, మిగతా ఖర్చు గురించి చెప్పాలి.

మా బాపు రేకుల మేస్త్రీ. పెంకుల మీద కోతులు గంతులేసి పగలగొట్టే ఊరు మాది, విసిగి అందరూ రేకులు వేయించుకునేవాళ్లు. వాటి పుణ్యమా అని ఆయనకు ఏనాడూ పని తక్కువ కాలేదు. ఆయనకు జోడీ మా వీధిలోనే ఉండే చాచా. రేకు కోయాలంటే ఇద్దరు కావాలి. చాచా గట్టిగా అదిమి పట్టుకుంటే బాపు రంపం ఆడించేవాడు. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ కనుబొమ్మలు తెల్లగా ఉండేవి, నేనూ అక్కా చూసి నవ్వేవాళ్లం. కొడుక్కి బొగ్గుబావిలో ఉద్యోగం వచ్చాక చాచా భూపాలపల్లి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక బాపు ఇంకో జోడీని పెట్టుకోలేదు, పనే మానేశాడు.

తెలంగాణ కోసం ఊరంతా రోడ్ల మీదే ఉన్న రోజుల్లో బాపుకు దగ్గు ముదిరింది. నేను పాఠాలు చెప్పే బడి సగం రోజులు బందే కాబట్టి, ఆయన్ను హనుమకొండ దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము చూసి, ఏం పని చేసేవారని అడిగి, రేకులు కోసిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని చెప్పాడు. ఇంటి మీది రేకులు పగిలి రాలుతుంటే మార్చుకోమన్నాడు. పగలగొట్టకుండా, తడిపి దించి, భూమిలో పూడ్చమన్నాడు. బాపు అంతా విని ఒక్కటే అడిగాడు.

"మరి మా భాయ్‌కి?"

"ఎవరాయన?"

"నాతోటి కోసినాయన సారూ. ఇద్దరం ఒక్కకాడ్నే పనిజేసినం."

ఆయన్ను చూడకుండా ఎలా చెప్తాం, ఒకసారి ఫిల్ము తీయించుకోమనండి అన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి బాపుకు తన దగ్గు పట్టలేదు. మందులు ఇస్తే మింగేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. చాచా బాగున్నాడా లేదా అన్నదొక్కటే ధ్యాస. ఫోన్ చేస్తే చాచా, "మస్తున్న భాయ్! నాకేమైతది?" అనేవాడు.

"వాడు నిచ్చెన మీదికెల్లి పడ్డనాడు గూడ మస్తున్ననే అన్నడు," అని బాపు ఫోన్ పెట్టేసి గొణిగేవాడు. భూపాలపల్లి పోయి కళ్లారా చూసొస్తానని చెప్పులేసుకున్నప్పుడల్లా బస్సులు బంద్. తెలంగాణ రావాలని అందరికన్నా గట్టిగా అరిచిన మనిషే, బస్టాండు నుంచి తిరిగొచ్చి, "గీ బంద్ ఒక్కరోజు ఆపితే ఏంబోతది?" అని విసుక్కునేవాడు.

ఈలోగా రేకులు దించే పని పెట్టుకున్నాం. ఆ దుమ్ములో బాపు ఉండకూడదని మహబూబాబాద్‌లోని అక్క ఇంటికి పంపుదామని నా ప్లాను. పొద్దున్నే రైలెక్కించి వచ్చాను. రైలు కదలకముందే రైల్ రోకో. బాపు దిగి పట్టాల మీద కూర్చున్నాడు, అక్కడే వంటావార్పులో కడుపునిండా పప్పన్నం తిన్నాడు, సాయంత్రానికి మెడలో కండువాతో ఇంటికొచ్చాడు. అక్క కోడికూర వండి ఎదురుచూసిందట. ఫోన్లో ఆ కూరంతా నా మీద కుమ్మరించింది.

చేసేదేం లేక బాపును వీధి అవతల కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టాం. పనివాళ్లు ముక్కులకు తడిబట్టలు కట్టుకున్నారు. నేను పైపు పట్టుకుని రేకుల మీద నీళ్లు కొడుతున్నాను. కరెంటు పోగానే అమ్మ బిందెలు అందించింది. కొక్కేలు ఎంతకీ ఊడి రాకపోతే పనివాళ్లు తిట్టుకుంటున్నారు, అవతల నుంచి బాపు మీసం దువ్వుతున్నాడు.

"ఊడయిరా! నేనూ మా భాయ్ బిగించినయి గవి!"

అడిగేవాళ్లు రానే వచ్చారు. ఎదురింటి అత్తమ్మ కోళ్లగూటికి రెండు అడిగింది. బాపు అమ్ముడుపోయాయన్నాడు. బచ్చన్నపేట నుంచి మా చిన్నాయన ఏకంగా ట్రాక్టరే తెచ్చుకున్నాడు. ఎవరికో మాటిచ్చానని అబద్ధం చెప్పాడు బాపు. "గా ఎవరో నాకన్న దగ్గరోడా?" అని చిన్నాయన ఖాళీ ట్రాక్టరును కావాలనే గడగడలాడించుకుంటూ పోయాడు. నాకు నవ్వొచ్చింది గానీ, బాపు ఎందుకు నిజం చెప్పడం లేదో తెలుసు కాబట్టి నవ్వలేకపోయాను. ఊళ్లో సగం కప్పులు ఆయన చేతి మీదుగా లేచినవే. ఈ రేకులు మంచివి కావని ఏ నోటితో చెప్తాడు?

మధ్యాహ్నం చౌరస్తా దీక్షా శిబిరం నుంచి పిల్లలు వచ్చారు. టెంటు గాలికి చిరిగిందట, కప్పడానికి నాలుగు రేకులు కావాలన్నారు. తెలంగాణ కోసం అడిగితే కాదనే ఇల్లు ఆ రోజుల్లో జనగామలో లేదు. బాపు కాదన్నాడు.

"ఏంది పెదబాపూ, నువ్వు తెలంగాణోనివేనా?" అన్నాడు ఒకడు.

వాణ్ని పైపుతో తడిపేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. బాపు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇయ్యను బిడ్డా. గీ రేకుల దుమ్ము నా ఛాతిల ఉన్నది. మీకు ఎక్కద్దు."

పిల్లలు దించిన రేకుల దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగారు. తర్వాత ఆ అబ్బాయే మెల్లగా అడిగాడు. "మరి మా ఇంటి మీద ఏసింది నువ్వే గద?"

"నేనే. గప్పుడు నాకు తెల్వది. పగులగొట్టకుర్రి, తొలువకుర్రి, దాని జోలికి పోకుంటె ఏంగాదు. పైసలున్ననాడు మార్చుకోర్రి."

మాట ఊరంతా పాకడానికి గంట పట్టలేదు. ఇన్నేళ్లు చెప్పలేదేమని కొందరు ఇంటిమీదికొచ్చి అరిచి పోయారు. బాపు ఎవరికీ ఎదురు చెప్పలేదు. దించిన రేకులను తడిపి, కవర్లో చుట్టి, ఊరి బయట మాకున్న పత్తి చెలక ముక్కలో గొయ్యి తీయించి పూడ్పించాడు. ఆ ముక్కలో మళ్లీ పత్తి వేయలేదు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు బొగ్గులారీ ఆగింది. చాచా దిగాడు, చంకలో ప్లాస్టిక్ కవరు. బాపుకు తెలియకుండా నేను ఫోన్లో బతిమాలితే, భూపాలపల్లిలో ఫిల్ము తీయించుకుని, బస్సుల్లేవని లారీ డ్రైవరును కాకా పట్టి వచ్చాడు. ఫిల్ము తీసి ఎండకేసి పట్టుకున్నాడు. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు.

"సాఫ్ ఉన్నదట భాయ్. ఏం లేదన్నరు."

బాపు నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గుతూ కూడా నవ్వాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇద్దరికీ వీధిలోనే కుర్చీలు వేశాను. చాయ్ తాగుతూ చాచా అడిగాడు. "ఇద్దరం ఒక్కతీర్గ పనిజేసినం. నాకు రాంది నీకెట్లొచ్చింది?"

బాపు చాయ్ ఊదుకుంటున్నాడు. చాచా ఏదో గుర్తుకొచ్చినట్టు ఒక్కసారిగా గ్లాసు కింద పెట్టాడు.

"కోసేటప్పుడు గాలి నా దిక్కు మర్రినప్పుడల్ల లేసొచ్చి, నన్ను జరగమని నా జాగల కూసుంటుంటివి. ఎప్పుడు సల్లని జాగ నీకే గావాలె అని తిడుతుంటి గద నిన్ను?"

"నీ కండ్లల్ల దుమ్ము పడి ఎర్రగయితుండె," అన్నాడు బాపు. "దుమ్ముంటే ఏమైతదో నాకేం ఎరుక? చాయ్ సల్లారుతున్నది, తాగు."

చాచా తాగలేదు. రోడ్డు మీద లారీ వెనక్కి మళ్లుతుంటే దుమ్ము లేచింది. ఆయన కుర్చీ ఎత్తుకుని, దుమ్ము వచ్చే దిక్కున, బాపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.