మధ్యాహ్నం పనిచేయని మోడెం

2001 జనవరిలో నన్ను విజయవాడలోని మా మిషన్ ట్రస్టు ఆసుపత్రి నుంచి మైలవరం శాఖకు సీనియర్ ఈసీజీ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. అది చిన్న ఆసుపత్రి. సూపరింటెండెంట్ డాక్టర్ సుశీల గారు జనరల్ ఫిజీషియన్. గుండె నిపుణులు అక్కడ లేరు. అందుకని ట్రస్టు ఒక ఏర్పాటు చేసింది. ఛాతీనొప్పితో ఎవరైనా వస్తే నేను ఈసీజీ తీసి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి, మోడెం ద్వారా విజయవాడకు పంపాలి. అక్కడి కార్డియాలజిస్టు చూసి ఫోన్లో సరేనంటే సుశీల గారు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవారు. అది రక్తస్రావం తెచ్చే మందు, అక్కర్లేని మనిషికి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. అంతకుముందు ఫ్యాక్సు వాడి చూశారు గానీ, సన్నగీతలు మసకబారి డాక్టరు చదవలేకపోయారు.

మోడెం అంటే ఫోను లైనుకు తగిలించే చిన్న డబ్బా. కంప్యూటరులో ఉన్నదాన్ని శబ్దంగా మార్చి ఫోను తీగ మీద పంపుతుంది. అవతలి మోడెం దొరికేదాకా కీచుమంటుంది. దొరికాక అరుపు ఆగి, ముందున్న దీపాలు మినుకుమినుకుమంటాయి. ఒక ఈసీజీ వెళ్లడానికి కొన్ని నిమిషాలు పట్టేది.

చలికాలమంతా బాగానే నడిచింది. ఎండలు ముదిరాక మధ్యాహ్నాల్లో కనెక్షన్ సగంలో తెగిపోవడం మొదలైంది. పొద్దున పంపితే వెళ్లేది, భోజనాల వేళ పంపితే తెగేది. కంపెనీ సహాయ కేంద్రం వేరే రాష్ట్రంలో ఉండేది. ఎస్టీడీ చేసి, చాలాసేపు సంగీతం విన్నాక ఒక కుర్రవాడు పలికేవాడు. ఆపి మళ్లీ వేయమనేవాడు. వేసినా తెగుతోందంటే, మీ ఫోను లైన్లో గరగర ఉందనేవాడు. టెలిఫోన్ లైన్‌మన్ వచ్చి ఎక్స్చేంజి దాకా పరీక్షించి, లైను శుభ్రంగా ఉందన్నాడు. మోడెంను విజయవాడ గవర్నర్‌పేటలోని కంపెనీ సర్వీస్ సెంటరుకు రెండుసార్లు పంపాం. రెండుసార్లూ లోపం లేదని చీటీ అంటించి తిప్పి పంపారు.

ఏప్రిల్లో ఒక మిట్టమధ్యాహ్నం, మామిడితోట కౌలుకు చేసే ఏసుపాదాన్ని అతని భార్య మరియమ్మ ఆటోలో తీసుకొచ్చింది. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఈసీజీ తీశాను. పంపితే తెగింది. మళ్లీ పంపాను, మళ్లీ తెగింది. మూడోసారీ తెగాక సుశీల గారు, "ఇక ఆగొద్దు, జీపెక్కించండి" అన్నారు. దారంతా ఆక్సిజన్ మాస్కు నేనే పట్టుకున్నాను. కొండపల్లి దగ్గర లారీల వెనక ఇరుక్కున్నాం. ఇంజెక్షన్ విజయవాడలో పడింది గానీ ఆలస్యమైంది. మనిషి బతికాడు, గుండె కండరం మాత్రం బాగా దెబ్బతింది. తర్వాత అతను తోటపని చేయలేకపోయాడు.

వార్డు బయట మరియమ్మ నన్నడిగింది. "ఆ డబ్బా నమ్మకమైంది కానప్పుడు ఎందుకు పెట్టుకున్నారమ్మా?"

ఆ రాత్రే జీపులో మైలవరం తిరిగొచ్చాను. మర్నాడు మోడెం సంచిలో వేసుకుని విజయవాడ బస్సెక్కాను.

సర్వీస్ సెంటరు మేడమీద, అద్దాల తలుపుల వెనక, చల్లగా ఉంది. మేనేజరు మోడెంను బల్లమీద పెట్టించి, నడుస్తున్న దీపాలు చూపించాడు.

"చూశారుగా మేడమ్, మా దగ్గర బ్రహ్మాండంగా నడుస్తోంది. ప్రాబ్లమ్ మీ లైన్లోనే."

"మీ గదిలో నడిస్తే నాకేం లాభమండీ? మా గదిలో నడవాలి."

"అయితే మీ గదికి ఏసీ పెట్టించుకోండి."

"ఏసీ ఉంటేనే పనిచేస్తుందని అమ్మేటప్పుడు చెప్పారా? యాభై డిగ్రీల దాకా ఫర్వాలేదని మీ పుస్తకంలోనే ఉంది. మా గదిలో అంత వేడి లేదు. ఒక్క మధ్యాహ్నం దీన్ని ఈ మెట్లమీద పెట్టి నడిపించండి, నడిస్తే నోరుమూసుకుని పోతాను."

కుదరదన్నాడు. సరే, అయితే నేనిక్కడే కూర్చుంటానని, వచ్చినవాళ్లకు ఇదెందుకు తెచ్చానో చెబుతానని అన్నాను. చెప్పాను కూడా. నా వెనక కూర్చున్న ఇంటర్నెట్ సెంటర్ యజమాని లేచి నిలబడ్డాడు. "మాదీ ఇదేనండీ. మధ్యాహ్నమైతే చాలు, కస్టమర్లు తిట్టిపోస్తున్నారు. నాకూ లైనే అన్నారు" అన్నాడు. మేనేజరు కాసేపు గొణిగి, శ్రీనివాస్ అనే ఇంజనీరును పిలిచి, మెట్ల దాకా పొడుగు ఫోను తీగ లాగమన్నాడు.

మెట్ల మలుపులో స్టూలు వేశాం. పక్కనే ఏసీ వేడిగాలి వదులుతోందని మేనేజరు అభ్యంతరం చెప్పాడు. ఆ మాట న్యాయమే. స్టూలును గాలి తగలని మూలకు నేనే జరిపాను. శ్రీనివాస్ మా విజయవాడ ఆసుపత్రి నంబరుకు కలిపి, నా దగ్గరున్న పాత ఈసీజీలు ఒకదాని తర్వాత ఒకటి పంపసాగాడు. మొదటివి వెళ్లాయి. మేనేజరు నా వైపు చూసి నవ్వాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒకటి సగంలో తెగింది. ఆ తర్వాత ఒక్కటీ పూర్తిగా వెళ్లలేదు. శ్రీనివాస్ డబ్బా మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు.

"లైన్ ప్రాబ్లమ్ అని రాసెయ్" అన్నాడు మేనేజరు.

"సార్, ఈ లైను మనదే కదండీ" అన్నాడు శ్రీనివాస్.

వేడికి ఆగడం లేదని శ్రీనివాస్ జాబ్‌షీటులో రాసి సంతకం పెట్టాడు. నేనూ, ఇంటర్నెట్ సెంటర్ ఆయనా సాక్షులుగా కింద పెట్టాం.

వారం తిరక్కుండా ఇద్దరికీ వేరే మోడల్ మోడెంలు వచ్చాయి. మాదానితో పాటు వచ్చిన రసీదులో, వినియోగదారుడి లైను సరిచేయడం వల్ల ఫిర్యాదు ముగిసిందని అచ్చువేసి ఉంది. నేను సంతకం పెట్టనన్నాను.

సుశీల గారు సర్దిచెప్పబోయారు. "వస్తువు వచ్చింది కదా నూర్జహాన్ గారూ, ఇంకెందుకు పేచీ?"

"మందు పడక మార్చినప్పుడు, పాతది పడలేదని కేస్‌షీటులో రాస్తాం కదండీ. రోగిదే తప్పని రాస్తామా?"

ఆవిడ కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు. మోడెం వేడికి ఆగనందున మార్చారని రాసి, ఆసుపత్రి ముద్ర వేశారు. రసీదు తీసుకోవడానికి వచ్చినతను ఇది చెల్లదన్నాడు. చెల్లకపోతే మోడెం పట్టుకెళ్లమని నేనన్నాను. రసీదు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కంపెనీ ఆ లోపాన్ని బయటికి ఎప్పుడూ ఒప్పుకోలేదు. అడిగినవాళ్లకు మార్చింది, అడగనివాళ్లకు లైనే కారణమని చెబుతూ పోయింది. ఆ మోడెంల కాలమూ తొందరగానే ముగిసింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక పద్ధతి. లోపం లేదని ఎవరైనా చీటీ ఇస్తే, ఎక్కడ, ఏ వేళ చూశారని అడగాలి. రిటైరయ్యేదాకా మా విభాగానికి వచ్చిన ప్రతి పరికరాన్నీ, తీసుకునే ముందు మా గదిలో, మా కరెంటు మీద, మధ్యాహ్నం పూట అమ్మినవాళ్ల చేతనే నడిపించాను. కొందరు విసుక్కున్నారు. వాళ్లను పరికరం వెనక్కి పట్టుకెళ్లమన్నాను.