గడప మీద కూర్చున్న మా అత్తమ్మ

నిన్న పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే బామ్మర్ది రమేష్ ఫోన్ చేశాడు.

"బావా, అమ్మ లేస్తలేదు."

"లేస్తలేదంటే ఏంది?"

"లేస్తలేదు బావా."

ఖమ్మం నుంచి పెనుబల్లి దాటి ఊరు చేరేదాకా వాడు కంగారు పడ్డాడనే అనుకున్నాను. మా అత్తమ్మ కోటమ్మ నిద్రలోనే పోయింది. గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు.

నా భార్య రజిత హత్య సంగతి మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా రాస్తున్నాను. అది చెప్పకుండా అత్తమ్మ గురించి చెప్పలేను.

కొన్నేళ్ల కిందట రజిత పుట్టింటికి వెళ్లింది. అడవి అంచున, పామాయిల్ తోటలో ఇల్లు. అత్తమ్మ, రమేష్ చుట్టాలతో కలిసి పర్ణశాల వెళ్లి, రాత్రి అక్కడే ఉండిపోయారు. ఇంట్లో రజిత ఒక్కతే.

పొద్దున వాళ్లు తిరిగొచ్చేసరికి ముందు గదిలో పడి ఉంది. తలకు దెబ్బ. ప్రాణం ఉందేమోనన్న ఆశతో రమేష్ ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాడు. లేదన్నారు.

ఆ కబురు ఇంటికి చేరింది. పోలీసులు ముందు దవాఖానాకే వెళ్లారు.

మా వైపు చావు జరిగిన ఇంటిని వెంటనే కడుగుతారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వచ్చేస్తారు. ఆ రోజు అత్తమ్మే ముందుండి కడిగింది. ఏడుస్తూనే కడిగింది. గోడలకు పసుపునీళ్లు చల్లింది. చాప, దుప్పటి కాలవలో వేయించింది.

సాయంత్రం క్లూస్ టీమ్ కుక్కతో వచ్చింది. కుక్క తడి గచ్చు మీద అటూ ఇటూ తిరిగి, ఏమీ తోచనట్టు కూర్చుండిపోయింది.

"ఎవరు కడిగారమ్మా?" అని సీఐ అడిగాడు.

"నేనే కడిగిన సారూ. చావైన ఇల్లు కడగకుంటే ఎట్ల?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహం చూసే అత్తమ్మకు అర్థమైంది.

తర్వాత నన్ను స్టేషన్‌కు తీసుకెళ్లారు. భర్తను అనుమానించడం వాళ్ల పద్ధతి. నేను తప్పుపట్టను. అత్తమ్మ స్టేషన్‌కు వచ్చి వరండాలో నిలబడి అంది:

"మా అల్లుడు కోడిని కోస్తుంటేనే మొహం తిప్పుకుంటడు సారూ. గాయన్ని పట్టుకొచ్చిండ్రా? అసలోడు ఎటు పోయిండో చూడుండ్రి."

పెళ్లయిన కొత్తలో నన్ను "అల్లుడుగారూ" అనేది. ఆ రోజు నుంచి "అయ్యా" అంది, కొడుకును పిలిచినట్టు.

ఒకతన్ని అరెస్టు చేశారు. ట్రయల్‌లో వదిలేశారు. అతనే చేశాడో లేదో నాకు తెలియదు. సాక్ష్యం లేనప్పుడు కోర్టు చేయగలిగిందీ లేదు.

ఆ తీర్పు తర్వాత అత్తమ్మ ఒక పని మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడైనా అనుమానంగా చావు జరిగిందని తెలిస్తే, షేర్ ఆటో ఎక్కి వెళ్లి ఆ ఇంటి గడప మీద కూర్చునేది.

మొదట నేను నమ్మలేదు. ఒకసారి ముదిగొండ వైపు ఒక ఊరికి నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది. అక్కడ కిరాణా కొట్టు నడిపే ఒంటరి మనిషి ఇంట్లో చచ్చిపోయి ఉంది. కాలు జారి పడిందన్నారు. ఆడవాళ్లు అప్పటికే బకెట్లు నింపారు.

"ఏందమ్మా, అడ్డం కూసున్నవ్? లే."

"లేవ. పోలీసోళ్లు చూసినంక కడుగుండ్రి."

"మైల గద! మాకు మంచిదా?"

"మైల నాకంటనియ్యి. నేను కడుక్కుంట. నా బిడ్డ నెత్తురు నేనే కడిగిన, ఇప్పటిదాక ఎవడు చంపిండో తెల్వది. నీకు గట్ల కావాల్నా?"

ఒకావిడ పిచ్చిదంది. ఇంకొకావిడ చెయ్యి పట్టి లాగింది. అత్తమ్మ ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకుంది. చనిపోయినావిడ చెల్లెలు ఆ మాటలన్నీ విని, మెల్లగా తన బకెట్ కింద పెట్టింది. మిగతావాళ్లూ ఆగారు.

పోలీసులకు తలుపు వెనక గోడ మీద చెయ్యి అచ్చు దొరికింది. ఆ కేసులో శిక్ష పడింది.

తీర్పు రోజు ఫోన్ చేసి చెప్పాను. "వాళ్లకు తెలిసింది" అంది. అంతే. ఫోన్ పెట్టేసింది.

మా కేసు మాత్రం కదల్లేదు. స్టేషన్‌కు కొత్త ఎస్సై వచ్చినప్పుడల్లా వెళ్లి మొదటినుంచీ చెప్పేది. ఒకాయన, "ఫైల్ క్లోజ్ అయిందమ్మా" అన్నాడు.

"క్లోజ్ అయితే తెరువు సారూ. తాళం నీ తాననే ఉన్నది."

ఆయన నవ్వాడు. టీ తెప్పించాడు. ఫైల్ తెరిచాడో లేదో తెలియదు.

పోయిన ఆదివారం నాకు అన్నం పెడుతూ అడిగింది.

"నేను పోయినంక గూడ స్టేషన్‌కు పోతవా అయ్యా?"

"పోత అత్తమ్మా."

"ఒక్కనివే పోకు. మళ్ల నిన్నే కూసోబెడ్తరు. రమేష్‌ను తీస్కపో."

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా కాలం తర్వాత ఆ ఇంట్లో నవ్వాం.

రజితను ఎవరు చంపారో తెలియకుండానే అత్తమ్మ వెళ్లిపోయింది. దీన్ని మెత్తగా చెప్పే మార్గం నాకు దొరకలేదు.

స్టేషన్‌కు మళ్లీ కొత్త ఎస్సై వచ్చాడట. దినాలు అయ్యాక నేను, రమేష్ వెళ్తాం. మొదటినుంచీ చెప్తాం.

ఇక అడిగే పని మాది, అత్తమ్మా. నువ్వు నిమ్మళంగా పడుకో.