ఆదివారపు కొలతలు

ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక మేం ఐదుగురం రాజురా దారిలోని వాగుకు వెళ్ళేవాళ్ళం: నేను, మా కాలనీ మరాఠీ బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు. అడుగున నలుపు తెలుపు గుర్తున్న పారదర్శకమైన గొట్టంలో వాగునీరు పోసి, ఎంత లోతు దాకా ఆ గుర్తు కనిపిస్తుందో పిల్లలు సెంటీమీటర్లలో చెప్పేవారు. తేదీ, గంట, అంకె నేను రాసుకునేదాన్ని. గని ఆఫీసులో హాజరు పట్టీ రాసే ఉద్యోగం నాది. కొట్టివేత ఉన్న పుటను నేను సహించలేను. ముప్పై ఒక్క ఆదివారాలకు సగటు యాభై రెండు వచ్చింది. మంచి నీరేనని తృప్తి పడ్డాను.

టీచరమ్మ ఆ అంకెలతో పిల్లల చేత గ్రాఫు గీయించి బడి గోడకు పెట్టించింది. పంచాయతీ సభ్యుడొకాయన దాన్ని ఫోనులో ఫొటో తీసుకువెళ్ళాడు. వారం తిరక్కముందే, వాగొడ్డు బస్తీకి పోయే నీళ్ళ ట్యాంకరు ఇక అవసరం లేదన్న మాట బయలుదేరింది. తీర్మానానికి సభ ఎనిమిది రోజుల్లో ఉంది.

ఆ ఆదివారం వాగులో బట్టలు పిండుతున్న బస్తీ ఆమె ఒకతె నా పుస్తకం వైపు చూసింది.

"అక్కా, ట్యాంకర్ బంద్ చేపిస్తున్నది నువ్వేనట గదా."

కొలిచిందే రాశానని చెప్పాను.

"మంచిగనే రాసినవ్ తియ్. మేం గూడ ఐతారమే బట్టలు పిండుకుంటం. పైన బొగ్గు కడిగే కార్ఖానకు ఐతారం సుట్టి, మిగిలిన దినాలల్ల వాగులకే నల్లనీళ్లు ఇడుస్తరు. నీ గొట్టం పట్టుకోని బుధారం రా. గా నల్లనీళ్లే రేపు నా పిల్లలు తాగాలె."

వారం వారం ఆదివారం గడిలో సెలవని రాసే చెయ్యి నాది. బుధవారం సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను. గొట్టంలో ఆరు సెంటీమీటర్లు. నమ్మకం కుదరక మూడుసార్లు పోశాను. ఆరు, ఆరు, ఐదు. శుక్రవారం ఏడు.

ఆ అంకెలు టీచరమ్మకు చూపించాను. పిల్లలు తప్పు చేశారని ఊరంతా అంటుందని ఆమె బాధ. రోజు ఎంచినదాన్ని నేనే కాబట్టి ఆ మాట నేనే పడతానన్నాను.

సభలో రెండు పట్టికలూ చదివాను. ఇన్ని వారాలు రాసిందంతా అబద్ధమా అని ఆ సభ్యుడు మరాఠీలో అడిగాడు. అబద్ధం కాదని, అది ఆదివారాల లెక్క మాత్రమేనని, మిగతా ఆరు రోజులూ నేను చూడలేదని చెప్పాను. వాదన సాగి సాగి చివరికి నెల గడువు దొరికింది: రోజూ కొలిచి తేవాలి, అంతవరకు ట్యాంకరు ఆగదు.

మరునాడు ఆరున్నరకే వాగు దగ్గరున్నాను. ఎనిమిదికి డ్యూటీ. బట్టలు పిండిన ఆ బస్తీ ఆమె అప్పటికే వచ్చి నిలబడి ఉంది. నీళ్ళు పోసి నేను కళ్ళద్దాలు సవరించుకునేలోగా తనే గొట్టంలోకి వంగింది.

"కనవడ్తలేదక్కా. రాస్కో."