ఎవర్‌సిల్వర్ కారు

కూరెకుప్ప దగ్గర మా నాయన లారీలు బాగుచేసే షెడ్డులో నిలిపి ఉంచిన ఒక కారు వెనక సీటులో కూర్చుని నేను దాదాపు ఏడాదిపాటు పుస్తకాలు చదువుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అంత దాచవలసినదేమీ కాదు. ఎస్సెల్సీ అయి ఇంట్లో ఉన్న రోజులవి. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి, అందరూ తిని పడుకున్నాక, తడిక తీసి షెడ్డులోకి వెళ్ళేదాన్ని. ఆదివారం నాయన పనిముట్టు పట్టడు కాబట్టి అటువైపు ఎవరూ వచ్చేవారు కాదు. సీటు తోలును ఎలుకలు కొరికేశాయి. దాని మీద గోనెసంచి పరుచుకుని, మిషన్ బడి నుంచి అడిగి తెచ్చుకున్న పుస్తకమో, నా డైరీయో ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మా ఇంట్లో ఆడపిల్ల చదివితే వద్దనేవారు లేరు. కానీ ఏం చదువుతున్నావని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు కష్టంగా ఉండేది.

ఆ కారుకు రంగు లేదు. పైకప్పు, తలుపులు, బానెట్, మడ్‌గార్డులు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. మేము దాన్ని ఎవర్‌సిల్వర్ అనేవాళ్ళం. బళ్ళారి అంగళ్ళలోకి ఎవర్‌సిల్వర్ లోటాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా ఇంట్లో ఒకే ఒక్కటి ఉండేది, అది కూడా చుట్టాలొస్తేనే బయటికి వచ్చేది. అలాంటి రేకుతో ఏకంగా కారే చేశారంటే చూసినవాళ్ళకు నవ్వొచ్చేది. సండూరు కొండల నుంచి ఇనుప మన్ను దింపే లారీవాళ్ళు దానికి ‘పాత్రె గాడి’ అని కన్నడంలో పేరు పెట్టారు, గిన్నెల బండి అని.

“ఏమప్పా, సారు యాడ పోస్తారు దీంట్లో?” అని ఒక డ్రైవరు వచ్చినప్పుడల్లా అడిగేవాడు. మా వైపు చారును సారంటారు.

“నీ నెత్తిన పోస్తార్లే, పోప్పా,” అని నాయన వచ్చినప్పుడల్లా చెప్పేవాడు.

గనిలో పనిచేసిన ఒక దొర ఆ కారును తన దేశం నుంచి తెప్పించుకున్నాడట. ఆయన వెళ్ళిపోయాక అది ఏళ్ళ తరబడి మన్ను నింపే చోటనే ఒక రేకుల కప్పు కింద పడి ఉంది. గనివాళ్ళు వేలం వేస్తే, కంప్లిలో రైసుమిల్లు పెట్టుకున్న ఒకాయన కొన్నాడు. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చాక గుంటూరు వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. మేము ఆయన్ని మిల్లాయన అనేవాళ్ళం. కారును లారీ వెనక కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చాడు.

అప్పుడు దాని ఒళ్ళంతా ఎర్రటి చుక్కలు. మిల్లాయన గోటితో గీకి చూసి, తుప్పు పట్టని ఇనుమని చెప్పి తనకు అంటగట్టారని విసుక్కున్నాడు. ఇది కారు తుప్పు కాదు, కొండ దుమ్ము అని నాయన చెప్పాడు. ముడి ఇనుము మన్ను రేకు మీద పేరుకుని, మంచుకు తడిసి, ఆ మన్ను తుప్పు పట్టింది. అడుగున రేకు బాగానే ఉంది. నాయన చెప్పింది నిజమే. కానీ దాన్ని తీయడానికి లారీలకు వాడే ఇనుప తీగల బ్రష్షు పట్టుకున్నాడు. మా వైపు ఎవరైనా అదే చేస్తారు. బానెట్ తళతళలాడింది. మిల్లాయన కంప్లి నుంచి బంధువుల్ని కూడా తీసుకొచ్చి చూపించుకున్నాడు. వానలు మొదలయ్యాక బానెట్ మళ్ళీ గోధుమరంగుకు తిరిగింది, ముందుకంటే అధ్వాన్నంగా.

కారణం నాకు వెనక సీటులోంచి కనిపించింది. ముందద్దంలోంచి చూస్తే ఈసారి తుప్పు చుక్కలుగా లేదు, వంపు తిరిగిన గీతలుగా ఉంది. బ్రష్షు పట్టిన నాయన చెయ్యి తిరిగిన తీరు అది. రేకులో మొదటి నుంచీ ఉన్న సన్నని గీతలేమో ముందు నుంచి వెనక్కి తిన్నగా ఉన్నాయి. అంటే బ్రష్షు తీగల ఇనుమే అరిగి, రేకులో దిగి, తుప్పు పట్టింది. ఈ మాట నాయనకు చెప్పాలంటే నేను ఎక్కడ కూర్చున్నానో చెప్పాలి. కొన్నాళ్ళు ఊరుకుని, చివరికి ఆరేసిన బట్టలు తీస్తూ చూశానని చెప్పాను. నాయన బానెట్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. తర్వాత బ్రష్షును లారీ సామాన్లలో పడేసి, ఇక ఆ రేకు సంగతి నన్నే చూడమన్నాడు.

చింతపండు రసం పూసి, కాసేపు నాననిచ్చి, కొబ్బరి పీచుతో గీతల వెంబడే రుద్ది, కడిగి, పాత పంచెతో తడి లేకుండా తుడవాలి. అడ్డంగా రుద్దితే మచ్చ పడుతుంది. తెల్లవారగానే, రోడ్డు మీద దుమ్ము లేవకముందే ఆ పని చేసుకునేదాన్ని. మన కంటే ఈ కారే ఎక్కువ పులుసు తింటాందని అమ్మ సణిగేది. నాయన ఇంజను విప్పి బాగుచేశాడు. లోపల చెదలు తిన్న కొయ్య చట్రం తీసేసి టేకుది పెట్టాడు. సుత్తికి తోలు చుట్టి సొట్టలు తీశాడు. ఆ రేకు మొండిది, కొట్టినకొద్దీ గట్టిపడుతుంది. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మాత్రం లొంగలేదు. సొట్ట తీయబోతే చిట్లింది. గ్యాసుతో అతికిస్తే అతుకు పక్కనే ఇంకో చీలిక వచ్చింది. దాన్ని విప్పి గోడకు ఆనించి పెట్టాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ కూడా దాని వైపు చూసేవాడు.

నాయన బతుకంతా మన్ను లారీలు బాగుచేశాడు. అవి బాగుపడి వెళ్ళేది మళ్ళీ చెడిపోయి రావడానికే. ఈ ఒక్క బండి మాత్రం, చేసినవాళ్ళు ఎట్లా చేశారో అట్లా, పై రేకులో ఒక్క ముక్క మారకుండా రోడ్డెక్కాలని ఆయన పట్టు.

మిల్లాయనకు అంత ఓపిక లేదు. ఇంజను మిల్లుకు వాడుకుంటామని, రేకు కోయించి పాత్రలు చేయించుకుంటామని కబురు పంపాడు. పాత్రల ఆలోచన ఆయన తల్లిదట. ఆంధ్రా నుంచి వచ్చిన రైతుల ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. వాళ్ళ క్యాంపులో పెళ్ళికైనా దినానికైనా పళ్ళేలూ గిన్నెలూ ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకోవాలి. ఎవర్‌సిల్వర్‌వి సొంతంగా ఉంటే ఎవరి గడపా తొక్కనక్కర్లేదని ఆమె అనుకుంది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. తానే వచ్చి, కారు చూసి, ఏదో ఒకటి తేలుస్తానన్నది.

ఆమె వచ్చే రోజు పొద్దున నాయన నన్ను పక్కకు పిలిచాడు.

“ఆయమ్మ అడిగితే, ఇది బండి ఇనుము, తిండికి పనికిరాదని చెప్పు పాపా. నేను చెప్తే నమ్మరు. నువ్వు చెప్తే నమ్ముతారు.”

నేను తలూపాను.

ఆమె పొట్టిగా, గట్టిగా ఉంది. కొడుకును వెనకే నిలబెట్టి కారు చుట్టూ తిరిగింది. వేలి ఉంగరంతో తలుపు మీద కొట్టి చప్పుడు విన్నది. నాయన ఏదో చెప్పబోతే చేత్తో ఆపి, నన్ను పిలిచింది.

“ఏమ్మాయ్, తోమింది నువ్వేనంటగా. ఇది గిన్నెల రేకేనా?”

నాయన నా వైపు చూడలేదు. చేతిలోని పానా తుడుస్తున్నాడు. కొత్తవాళ్ళ ముందు నాకు నిజమే సరిగా నోటికి రాదు, ఇక అబద్ధం ఎక్కడ వస్తుంది. పైగా మా ఇంటి లోటా, ఈ తలుపు ఒకే రేకని నా చేతికి తెలుసు.

“ఆ రేకేనవ్వా,” అన్నాను.

మిల్లాయన నవ్వాడు. నేను గోడకు ఆనించిన మడ్‌గార్డు వైపు చెయ్యి చూపించాను.

“పళ్ళెం అయితాది గానీ గిన్నె కాదవ్వా. లోతు కొడితే చిట్లుతాది. ఆడ చూడండి, మా నాయన కొడితేనే చిట్లింది.”

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి మడ్‌గార్డు ఎత్తి చూసింది. చీలిక పక్కన జానలు పెట్టుకుని కొలిచింది. దీన్ని లారీలో వెయ్యమని, పళ్ళేలకు ఇది చాలని, మిగతా బండి మేస్త్రి దగ్గరే ఉండనీ, పూర్తిచెయ్యనీ అని కొడుకుతో చెప్పింది. నాయన దాన్ని ఇవ్వనని అనలేకపోయాడు. బండి వాళ్ళది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, “ఒక్క మాటే కదా చెప్పమన్నాను,” అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు కారు గురించి నాతో మాట్లాడలేదు. నేను తోముతూనే ఉన్నాను. ఆయన మామూలు ఇనుప రేకుతో కొత్త మడ్‌గార్డు కొట్టి వెండి రంగు వేశాడు. బాగానే చేశాడు. అయినా దూరం నుంచే తెలిసిపోయేది.

కోతలు అయ్యాక కారును కంప్లికి మేమే తీసుకెళ్ళాం. నాయన నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. దారిలో లారీలు ఆపుకుని మరీ చూశారు. సారు గురించి అడిగే డ్రైవరు కూడా ఎదురుపడి, ఏమీ అనకుండా హారన్ కొట్టి పోయాడు. నాయన అద్దంలో కాసేపు ఆ లారీనే చూశాడు.

మిల్లు కళ్ళంలో నాయన, మిల్లాయన బానెట్ ఎత్తి మాట్లాడుకుంటుంటే, ఆ ముసలామె నన్ను వసారాలోకి పిలిచి మజ్జిగ ఇచ్చింది. కారు ఎట్లా తోమాలో అడిగింది, చెప్పాను. మరుసటి ఏడు ఆమె పోయిందని లారీవాళ్ళ ద్వారా తెలిసింది. కారు కంప్లిలోనే ఉందని, దాన్ని ఎవరూ కోయలేదని కూడా వాళ్ళే చెప్పారు.

కారు అప్పగించిన ఆ రోజు నాయన అప్పటికే గేటు దాటి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నేను గ్లాసు కింద పెట్టి లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చింది.

“అది గిన్నెల రేకని హోస్పేట కంచరిని కనుక్కునే వచ్చానమ్మాయ్ ఆ రోజు మీ షెడ్డుకి. నువ్వు గనక కాదని ఉంటే, మీ నాన్న మావాడికి చెప్పినవన్నీ ఇట్టాంటి అబద్ధాలే అనుకుని మర్నాడే కోయించేదాన్ని. సరే వెళ్ళు, బస్సు తప్పుద్ది.”