తెల్లవారకముందు తీసిన నీళ్లు

మా చెల్లెలికి చదువు చెప్పిన జువాలజీ మాస్టారు మంగళవారం ఏలూరులో కన్నుమూశారు. తాడేపల్లిగూడెంలో ఉన్న చెల్లెలికి ఆ కబురు నేనే ఫోన్ చేసి చెప్పాను. "ఎప్పుడక్కా" అని అడిగింది. ఫోనులోనే ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఒకటే. కొల్లేరులాంటి సరస్సుల మీద పరిశోధన చేసే పిల్లల్ని వేరే దేశాల్లో వెతికి ఒకరికొకరిని పరిచయం చేయడం. బంగ్లాదేశ్‌లో ఒకమ్మాయి, వియత్నాంలో ఒకబ్బాయి, శ్రీలంకలో ఇంకొకమ్మాయి, ఇక్కడ మా చెల్లెలు. వాళ్ల పేర్లు చీటీ మీద తెలుగులో రాసుకుని, సైకిలు తొక్కుతూ వల్లె వేసేవారు. "పేరు పలకడం రానివాడు ఉత్తరమేం రాస్తాడండీ" అనేవారు నాతో.

చెల్లెలు ఏడాదిపాటు కొల్లేటి నీళ్లలో ఆక్సిజన్ కొలిచి ఆ ముగ్గురికీ పంపింది. నలుగురూ కలిసి రాస్తున్న మొదటి వ్యాసానికి ఆ అంకెలే ఆధారం. అంతా అయ్యాక, పెదపాడు దగ్గర ఒక చేపల చెరువు కాపలాదారు నవ్వాడట.

"ఎండెక్కాక వస్తే నీళ్లు బాగానే ఉంటాయండి. తెల్లారగట్ల రండి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తా ఉంటాయి."

రాత్రంతా తగ్గిన ఆక్సిజన్ ఎండ పడితే పెరుగుతుంది. అది తను చదివిందే. కానీ మొదటి బస్సు అక్కడికి చేరేసరికి పది దాటేది. ఏడాది కొలతలూ బస్సు టైము కొలతలే.

మా ఇంటికొచ్చి ఏడ్చింది. ఏ కారణమూ చెప్పకుండా తప్పుకుంటానంది. చెబితే వాళ్లు ఇక నమ్మరని భయం. మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందుగా కాఫీ తాగమన్నారు.

"తప్పుకుంటే నీ పరువు దక్కుతుందమ్మా. మరి వాళ్లు నీ అంకెలు నమ్ముకుని కూర్చున్నారే."

ఆ సాయంత్రమే నెట్ సెంటర్లో పక్కన కూర్చుని, జరిగిందంతా ఆ ముగ్గురికీ రాయించారు. సాకులు రాయబోతే చెరిపించారు.

మూడు రోజులు జవాబు లేదు. మోకాళ్ల మీదుండి దేవుణ్ణి అడగడం తప్ప నేను చేయగలిగింది లేదు. నాలుగో రోజు వియత్నాం అబ్బాయి రాశాడు: సంత ముగిశాకే తనకు పడవ దొరుకుతుందట, తన కొలతలూ మధ్యాహ్నానివేనట. వ్యాసం ఆగింది. నెలకొకసారి, అందరూ ఒకే తేదీన, తెల్లవారకముందే కొలవాలని అనుకున్నారు. చెల్లెలు ముందురోజే వెళ్లి ఆ కాపలాదారు ఇంట్లో ఆడవాళ్ల దగ్గర పడుకునేది.

"ఇప్పుడు కలిశారండీ వీళ్లు" అన్నారు మాస్టారు.

ఆయన్ని సాగనంపిన మూడోనాడే ఈ నెల కొలత. వెళ్లనా అని అడిగింది. నేనూ వస్తానన్నాను.

పడవలో టార్చి నేను పట్టుకున్నాను. మనకన్నా ముందే తెల్లవారే వియత్నాంలో కొలత అయిపోయి ఉంటుందని, బంగ్లాదేశ్‌లో ఈపాటికి మొదలై ఉంటుందని చెప్పింది. తర్వాత మోచేతి దాకా చెయ్యి నీళ్లలో ముంచి, సీసా నిండేవరకూ అలాగే వంగి ఉంది. బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి ఆగిపోయాయి.